చెక్క చిరగాలి, జిగురు కాదు

విజయవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుని భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటితే ఇబ్రహీంపట్నం. ఊరికంటే ముందు థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. ఇక్కడి కూడలిని అందరూ రింగ్ అంటారు. అక్కడ రోడ్డు చీలుతుంది. ఒకటి నందిగామ మీదుగా హైదరాబాదుకు పోతుంది. ఇంకొకటి మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు మళ్లుతుంది. ఈ రెండోది 30వ నంబరు జాతీయ రహదారి. ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయలుదేరి బరేలీ, లక్నో, ప్రయాగ్‌రాజ్, జబల్‌పూర్, రాయపూర్, జగదల్‌పూర్ దాటి, సుమారు రెండు వేల కిలోమీటర్లు నడిచి ఇబ్రహీంపట్నంలో ఆగుతుంది. ఆ దారి పొడవునా చెట్లే మారుతూ వస్తాయి. పైన తెరాయి నేలల్లో పొలం గట్ల మీద పోప్లార్, మధ్యలో బస్తర్ సాల అడవులు, కిందికి దిగాక ఖమ్మం, కృష్ణా మెట్ట భూముల్లో జామాయిల్ తోటలు. పోప్లార్, జామాయిల్ రెండూ ప్లైవుడ్ మిల్లులకు పోయే చెట్లే.

నేను వచ్చిందీ ప్లైవుడ్ కోసమే. కృష్ణా నదికి అవతల అమరావతిలో పనులు మళ్లీ ఊపందుకున్నాయి. ఇవతల గొల్లపూడి నుంచి కొండపల్లి దాకా ఏ సందులోకి తొంగిచూసినా ఒక శ్లాబు సిద్ధమవుతూ ఉంటుంది. సిమెంటు ఏ కంపెనీదో, ఇనుము ఎన్ని ఎమ్మెమ్మో ఇంటి యజమాని అడుగుతాడు. ఆ కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే పలక గురించి మాత్రం ఎవరూ అడగరు. ఆ పలక కింద మనుషులు తిరుగుతుంటారు. జాకీలు బిగిస్తారు, సర్వి బాదులకు చెక్కలు దూరుస్తారు, కారే చోట గుడ్డ కుక్కుతారు. వాళ్ల తల మీద ఉన్న బరువు ఎంత, దాన్ని ఏది ఆపుతోంది అన్నది నాకు చాలాకాలంగా పట్టుకున్న ప్రశ్న.

లెక్క వేసుకుంటే కళ్లు తిరుగుతాయి. మామూలు ఇంటి శ్లాబు అయిదు అంగుళాల మందం. పచ్చి కాంక్రీటు ఘనపు మీటరుకు ఇంచుమించు 2,500 కిలోలు. ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు ఒక్కదాని మీద 900 కిలోలు దాటుతుంది. దానికి తోడు కాంక్రీటు పోసే మనుషులు, తట్టలు, వైబ్రేటరు అదురు. ఇంత బరువునూ మోసేది పన్నెండు మిల్లీమీటర్ల పలక. కింద అడుగు, అడుగున్నర దూరంలో ఒక్కో చెక్క ఆసరా ఉంటుంది. రెండు ఆసరాల మధ్య పలక తన బలం మీద తాను నిలబడాలి.

ఇక్కడే జిగురు సంగతి వస్తుంది. ప్లైవుడ్ అంటే ఒక చెక్క కాదు. దుంగను లేతుకు ఎక్కించి తిప్పుతూ పల్చటి పొరగా ఒలుస్తారు. ఆ పొరలను ఒకదాని మీద ఒకటి, నార అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి వచ్చేలా పేర్చి, మధ్యలో జిగురు పూసి, వేడి ప్రెస్సులో నొక్కుతారు. పన్నెండు మిల్లీమీటర్ల పలక వంగకుండా ఉండటానికి కారణం ఆ పొరలన్నీ కలిసి ఒకే ఒంటిలా పనిచేయడం. నడిమికి దగ్గరగా ఉన్న జిగురు గీత తెరుచుకుందనుకోండి. అప్పుడక్కడ ఉన్నవి ఒకదాని మీద ఒకటి జారే, దాదాపు ఆరేసి మిల్లీమీటర్ల రెండు పలకలు. వంపును ఎదిరించే శక్తి మందానికి మూడో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి, రెండు సగాలూ కలిసి మోసినా ఆ శక్తిలో సుమారు నాలుగో వంతే మిగులుతుంది. చెక్కలో ఒక్క నార కూడా పోలేదు, మందం రవ్వంత తగ్గలేదు, పైన మెరుగు అలాగే ఉంది. పోయిందల్లా కంటికి కనిపించని ఒక గీత.

రింగ్ దాటాక మైలవరం రోడ్డు మీద సెంట్రింగ్ సామాను అద్దెకిచ్చే షెడ్డు ఒకటి కనబడితే ఆగాను. ఒక వైపు ఇనుప సెంట్రింగ్ షీట్లు, ఇంకో వైపు జాకీలు, సర్వి బాదులు, లోపల నీడలో ప్లైవుడ్ దొంతరలు. ఓనరు పెద్దాయన. కొత్తగా దిగిన సరుకు చూపించాడు. ముదురు గోధుమ రంగు ఫిల్మ్, అంచులకు ఎర్ర రంగు.

"అద్దం అండీ ఇది. శ్లాబు విప్పాక ప్లాస్టరింగ్ కూడా అక్కర్లేదు."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఫినాల్ రెజిన్ పట్టించిన కాగితాన్ని ముఖానికి అంటించి నొక్కితే వచ్చేదే ఆ నునుపు. పచ్చి సిమెంటు క్షారం చాలా గాఢమైనది, దాని పీహెచ్ పన్నెండుకు పైనే ఉంటుంది. ఆ ఫిల్మ్ క్షారాన్నీ నీళ్లనూ ముఖం నుంచి లోపలికి పోనివ్వదు. కానీ ఫిల్మ్ చెప్పేది ముఖం గురించే. లోపల చవక యూరియా జిగురు పెట్టి పైన మంచి ఫిల్మ్ వేసినా అది ఇలాగే మెరుస్తుంది. "లోపల ఏ జిగురు?" అని అడిగితే ఆయన షీటు తిప్పి ముద్ర చూపించాడు. ఐ.ఎస్. 4990. కాంక్రీటు షట్టరింగ్‌కు వాడే ప్లైవుడ్‌కు మన దేశపు ప్రమాణం అది. ఆ అంకె చూడగానే నాకు కాస్త ఊరట కలిగింది. పక్క దొంతరలో ముద్ర లేని షీట్లూ ఉన్నాయి. వాటి కోసం వచ్చే గిరాకీయే ఎక్కువని ఆయనే చెప్పాడు.

జిగుళ్లలో ముఖ్యంగా రెండు జాతులు. యూరియా ఫార్మాల్డిహైడ్ చవక, తెల్లగా ఉంటుంది, వంద డిగ్రీల చుట్టుపక్కల వేడికే త్వరగా గట్టిపడుతుంది. పొడిగా ఉన్నంతకాలం దాని పట్టు అద్భుతం. తడి, వేడి కలిస్తే నీరే దాని అణువుల కొక్కేలను విప్పేస్తుంది. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ముదురు ఎరుపు గోధుమ రంగు, ధర ఎక్కువ, గట్టిపడటానికి 140 డిగ్రీల దరిదాపు వేడి కావాలి, ప్రెస్సులో ఎక్కువసేపు ఉంచాలి. ఒకసారి గట్టిపడ్డాక మరుగుతున్న నీళ్లు కూడా దాన్ని విడదీయలేవు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్ ఊళ్లో, హార్బర్ ప్లైవుడ్ అనే కంపెనీలో జేమ్స్ నెవిన్ అనే రసాయన శాస్త్రవేత్త 1934లో పూర్తిగా నీటికి ఓర్చే జిగురు తయారుచేశాకే ప్లైవుడ్ ఇంటి బయటికి ధైర్యంగా రాగలిగింది. అంతకుముందు రక్తం, పాలవిరుగుడు, సోయా పిండి లాంటివాటితో చేసిన జిగుళ్లే దిక్కు. చెక్క అతుకుల బలహీనతను మన దేశపు ఎండావానలే ఒకసారి బట్టబయలు చేశాయి. రెండో ప్రపంచయుద్ధంలో చెక్కతో చేసిన మోస్కిటో యుద్ధవిమానాల అతుకులు ఊడుతున్నాయని 1944 చివర్లో ఇక్కడ వాటిని ఎగరనివ్వకుండా ఆపేశారు. తయారీలో అంటింపు సరిగా లేకపోవడమూ విచారణలో బయటపడింది. వేడి, తేమ, చేతిపని లోపం కలిస్తే అతుకు ఊడుతుంది. అది విమానం రెక్కైనా, ఇబ్రహీంపట్నంలో శ్లాబు కింది పలకైనా ఒకటే.

నది ఒడ్డున ఫెర్రీ వైపు వెళ్లే సందులో ఒక మూడంతస్తుల ఇంటికి రెండో శ్లాబు సెంట్రింగ్ జరుగుతోంది. మేస్త్రిది పలాస ప్రాంతం. ఈ తీరంలో ఏళ్లుగా పనిచేస్తున్నాడు. షీటు ఎన్నిసార్లు వాడతారని అడిగాను.

"అది షీటును బట్టి కాదు సార్, విప్పేవాడి చేతిని బట్టి," అన్నాడు. "గడ్డపార అంచున పెట్టి లేపితే మంచి షీటైనా నోరు తెరుస్తుంది. నూనె రాయకుండా పోస్తే సిమెంటు పట్టుకుంటుంది. పట్టుకుంటే కొడతారు. కొడితే పోతుంది."

"నోరు తెరిచిన షీటును ఏం చేస్తారు?"

"అంచు కోసేసి కాలమ్ బాక్సులకు వేస్తాం. శ్లాబు కిందకు వెయ్యను. కింద మా పిల్లలే ఉంటారు కదా సార్."

పిల్లలంటే అతని కింద పనిచేసే కుర్రాళ్లు. ఆ మాట ఒక్కటి చాలు, ఈ విషయం మీద ఎంతైనా రాయొచ్చు అనిపించింది. మేస్త్రి తన వేలి గోటిని షీటు అంచు వెంట నడిపించి చూపించాడు. గోరు దిగిన చోట ఆగి, అక్కడ చెవి దగ్గరగా పెట్టి గట్టిగా తట్టాడు. లోపల బోలు ఉంటే మోత మారుతుందట. పొర విడిపోయి ఖాళీ ఏర్పడితే నిజంగానే మోత మారుతుంది. ఇది అనుభవం నేర్పిన పరీక్ష. దీన్ని నేను చిన్నచూపు చూడను. అయితే ఇది ఇప్పటికే విడిపోయిన దాన్ని పట్టిస్తుంది. ఇంకా విడిపోని షీటు, నాలుగో శ్లాబుకు విడిపోబోయే షీటు, తట్టితే గట్టిగానే మోగుతుంది.

ఇంకో సంగతి కూడా ఈ ఊళ్లోనే అర్థమైంది. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. దానికి ఇప్పుడు డాక్టర్ నార్ల తాతారావు పేరు ఉంది. అక్కడి బూడిద సిమెంటులోకి, ఇటుకల్లోకి పోతుంది. బూడిద కలిసిన పోజొలానా సిమెంటు మంచిదే, చివరికి వచ్చే బలం తక్కువేమీ కాదు. కానీ మొదటి రోజుల్లో అది నెమ్మదిగా గట్టిపడుతుంది. సెంట్రింగ్ విప్పడానికి కాంక్రీటు ప్రమాణం ఐ.ఎస్. 456 చెప్పే గడువులు మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు. నిలువు పలకలకు 16 నుంచి 24 గంటలు, నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబు ఆసరాలకు 7 రోజులు, అంతకు మించితే 14. వేరే సిమెంటు వాడితే గడువు మార్చుకోవాలని అదే పుస్తకం చెబుతుంది. అంటే పలక మరిన్ని రోజులు మోయాలి. ఆ రోజులన్నీ పైన క్యూరింగ్ నీళ్లు నిలబెడతారు. కీళ్ల సందుల్లోంచి, మేకుల రంధ్రాల్లోంచి ఆ నీరు పలక లోపలికి దిగుతూనే ఉంటుంది. ఆ తర్వాత విప్పి ఎండలో పడేస్తారు. మళ్లీ తడి. మళ్లీ ఎండ.

ఈ తడి, ఎండ ఆటలో జిగురు మీద పడే దెబ్బను ఎక్కువమంది ఊహించరు. చెక్క నీళ్లు తాగితే నారకు అడ్డంగా బాగా ఉబ్బుతుంది, నార పొడవునా దాదాపు కదలదు. ప్లైవుడ్‌లో పక్కపక్క పొరల నార ఒకదానికొకటి అడ్డం. ఒక పొర తూర్పుపడమర సాగాలనుకుంటుంది, దాని పక్క పొర ఆ దిక్కున కదలనంటుంది. వాటి మధ్య చిక్కుకున్నది జిగురు గీత. తడిసిన ప్రతిసారీ ఒక పక్కకు, ఎండిన ప్రతిసారీ ఇంకో పక్కకు అది లాగుడు పడుతుంది. కాంక్రీటు బరువు లేకపోయినా, ఎవరూ తొక్కకపోయినా, పెరట్లో ఊరికే పడి ఉన్న షీటులో కూడా ఈ పోట్లాట సాగుతూనే ఉంటుంది.

కొండపల్లి ఇక్కడికి దగ్గరే. బొమ్మల కాలనీకి వెళ్లకుండా రాలేకపోయాను. కొండ మీది తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి అతికిస్తారు. చింతగింజల పొడితో కాచిన జిగురులో రంపపు పొట్టు కలిపితే వచ్చే మక్కుతో అతుకులు పూడ్చి నునుపు చేస్తారు. ఆ అతుకు నీళ్లలో నానకూడదు, నానదు కూడా. షోకేసులో, బొమ్మల కొలువులో కూర్చుంటుంది. తరాల తరబడి నిలిచిన దశావతారాల సెట్లు ఈ చింతగింజల జిగురు మీదే నిలబడ్డాయి. జిగురు మంచిదా చెడ్డదా అని విడిగా అడగడానికి లేదని అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. దేనికి అంటించాం, అది ఎక్కడ ఉండబోతోంది అన్నది తెలిస్తేనే ఆ ప్రశ్నకు జవాబు.

నాకు తెలిసిన ఒక సివిల్ మాస్టారు దగ్గరలోని ఇంజనీరింగ్ కాలేజీ లాబ్‌లో పనిచేస్తారు. షెడ్డులో కొన్న కొత్త షీటు ముక్క, ముద్ర లేని చవక షీటు ముక్క, మేస్త్రి పక్కన పడేసిన పాత షీటు ముక్క తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు వాటిని సన్నని పట్టీలుగా కోయించారు. ఒక్కో పట్టీకి ఈ వైపు నుంచి ఒక గాడి, ఆ వైపు నుంచి ఒక గాడి, రెండూ పరీక్షించాల్సిన జిగురు గీత దాకా దిగేలా రంపంతో పెట్టించారు. ఆ రెండు గాళ్ల మధ్య చిన్న చదరం మిగులుతుంది. పట్టీ రెండు కొసలూ యంత్రానికి బిగించి లాగితే లాగుడంతా ఆ చదరంలోని జిగురు మీదే కోతగా పడుతుంది. ఎంత బలానికి తెగిందో యంత్రం చెబుతుంది. ఐ.ఎస్. 1734 అనే ప్రమాణంలో ఈ జిగురు కోత పరీక్షకో భాగం, పొరల మధ్య కత్తి దూర్చి విడదీసి చూసే పరీక్షకో భాగం, నీటికి ఓర్పు చూసే పరీక్షకో భాగం ఉన్నాయి.

పొడి ముక్కలను లాగినప్పుడు కొత్త షీటుకూ చవక షీటుకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చవక సరుకు ధైర్యంగా అమ్ముడుపోవడానికి ఉన్న ఒక్క కారణం అదే. పొడిగా ఉన్నప్పుడు అది నిజంగానే గట్టిది.

తర్వాత ఉడకబెట్టడం. గిన్నె వరండాలో పెట్టించారు మాస్టారు. యూరియా జిగురు ఉడికితే ఫార్మాల్డిహైడ్ ఘాటు కళ్లను మండిస్తుంది, గదిలో పెట్టకూడదు. ఎంతసేపు ఉడికించాలి అన్నది ప్రమాణాన్ని బట్టి మారుతుంది. మన మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం ఐ.ఎస్. 710లో 72 గంటలు. ఐరోపా వాళ్ల ఇ.ఎన్. 314లో ఆరుబయట వాడే రకానికి నాలుగు గంటలు ఉడికించి, 16 నుంచి 20 గంటలు 60 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, మళ్లీ నాలుగు గంటలు ఉడికించి, చల్లార్చి తడిగానే లాగుతారు. మధ్యలో ఆరబెట్టడంలోనే అసలు తెలివి ఉంది. ఉడకడం జిగురు రసాయనాన్ని పరీక్షిస్తుంది. ఉడికి ఎండి మళ్లీ ఉడకడం, పొరల మధ్య ఆ పోట్లాటను కూడా గిన్నెలోకి తెస్తుంది. మాస్టారు ఈ రెండో పద్ధతినే పట్టుకున్నారు.

చవక షీటు ముక్కలు మొదటి ఉడుకులోనే ఆకుల్లా విడిపోయాయి. యంత్రం దాకా వెళ్లే అవసరమే రాలేదు. పాత షీటు ముక్కలు నిలిచాయి గానీ, లాగితే తక్కువ బలానికే తెగాయి. కొత్త షీటు ముక్కలు గట్టిగా లాగించుకుని తెగాయి. నేను అంకెలు రాసుకుంటున్నాను. మాస్టారు పెన్ను పక్కన పెట్టమని, తెగిన ముక్కలను బల్ల మీద వెల్లకిలా పరిచారు.

"అంకె తర్వాత. ముందు ఎక్కడ తెగిందో చూడండి."

కొత్త షీటు ముక్కల్లో తెగిన ముఖమంతా నార. ఒక పొరలోంచి పీచులు లేచి రెండో పొరకు అంటుకుని ఉన్నాయి. జిగురు ఎక్కడా బోసిగా కనబడదు. పాత షీటులో కొన్నింటిలో సగం నార, సగం నున్నటి గోధుమ రంగు జిగురు పొర. ఆ నున్నటి చోట చెక్కకు ఏమీ కాలేదు, జిగురే వదిలేసింది. ఈ రంగంలో ఉన్నవాళ్లు దీన్ని వుడ్ ఫెయిల్యూర్ శాతం అంటారు. తెగిన చదరంలో ఎంత భాగం చెక్క చిరిగిందో కంటితో అంచనా వేస్తారు. చెక్క చిరిగితే జిగురు గెలిచినట్టు. జిగురు గీత శుభ్రంగా తెరుచుకుంటే, ఆ ముక్క కాస్త పెద్ద బలానికే తెగినా, దాన్ని అంత తేలిగ్గా నమ్మడానికి లేదు.

ఎందుకు నమ్మకూడదు? యంత్రం చెప్పే బలం చెక్క మీద కూడా ఆధారపడుతుంది కనుక. పోప్లార్ లాంటి మెత్తని కర్ర తక్కువ బలానికే చిరుగుతుంది, అందులో జిగురు తప్పేమీ లేదు. జామాయిల్ లాంటి గట్టి కర్రలో జిగురు లోపంగా ఉన్నా పెద్ద అంకె రావచ్చు. అంకె ఒక్కటే చూస్తే మంచిదాన్ని తోసేసి, లోపమున్నదాన్ని నెత్తిన పెట్టుకుంటాం. ఈ చిక్కును ఐరోపా ప్రమాణం చక్కగా విప్పింది. సగటు కోత బలం చదరపు మిల్లీమీటరుకు 0.2 నుంచి 0.4 న్యూటన్ల మధ్య ఉంటే కనీసం 80 శాతం చెక్క చిరగాలి. 0.4 నుంచి 0.6 అయితే 60 శాతం. 0.6 నుంచి 1 అయితే 40 శాతం. 1 దాటితే చిరుగుడు లెక్క అడగరు. అమెరికా ప్రమాణం మరీ సూటిగా, నీటి పరీక్ష తర్వాత సగటున 85 శాతం చెక్క చిరగాలంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లు యంత్రాన్నే పక్కన పెట్టారు. 72 గంటలు ఉడికించిన ముక్క పొరలను ఉలితో ఒలిచి, కనిపించిన నారను బట్టి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. సగటు అయిదుకు తగ్గకూడదు, ఏ ఒక్క గీతకూ రెండుకు తగ్గకూడదు. నాకు బాగా నచ్చింది ఈ చివరి షరతు. సగటు ఎంత బాగున్నా ఒక్క గీత వదిలేస్తే పలక అక్కడే జారుతుంది, మిగతా గీతలు దాన్ని కాపాడలేవు.

మాస్టారు తమ పరీక్షను గొప్ప చేసి చెప్పే మనిషి కాదు. నేనూ చెయ్యను. ఉడకబెట్టి నిలిచిందంటే సరైన జిగురు వాడారని, అది సరిగా గట్టిపడి చెక్కలోకి పట్టిందని అర్థం. ఇన్ని గంటలు ఉడికితే ఇన్ని శ్లాబులు వస్తుందని గుణించే లెక్క ఏదీ లేదు. షీటు మధ్యలో నడిమి పొరల మధ్య ఖాళీలున్నాయా అన్నది అంచున కోసిన చిన్న ముక్క చెప్పదు. కోసిన అంచుకు మళ్లీ రంగు వేస్తున్నారా, గడ్డపార ఎక్కడ పెడుతున్నారు, వానలో దొంతర మీద టార్పాలిన్ కప్పుతున్నారా అన్నవి గిన్నెకు తెలియవు. పైగా ఒక షీటు బాగుంటే లారీ అంతా బాగున్నట్టు కాదు. తడి ఆరని పొర ప్రెస్సులోకి వెళితే ఆవిరి పుట్టి జిగురు గీతలో బొబ్బ కడుతుంది. జిగురు పూశాక ఎండలో ఎక్కువసేపు ఉంచితే నొక్కకముందే ఎండిపోతుంది. రాత్రి షిఫ్టులో ప్రెస్సు వేడి కాస్త పడిపోయినా ఫినాల్ పచ్చిగానే మిగులుతుంది. అందుకే లాటులో వేర్వేరు చోట్ల నుంచి షీట్లు తీసి, ఒక్కో షీటులో నడుమ నుంచీ అంచుల నుంచీ ముక్కలు కోయాలి. షీటు పాడవుతుందని అక్కడే చాలామంది వెనకడుగు వేస్తారు. వందల షీట్ల లాటులో ఒకటి రెండు కోసుకోవడానికి బాధపడటం నాకు అర్థం కాదు. విశాఖ, విజయవాడ, హైదరాబాదు ఏ ఊరి పేపరు తీసినా సెంట్రింగ్ కూలి కూలీల మృతి అన్న వార్త కనిపించకుండా పోదు. చాలాసార్లు తప్పు ఆసరాలదో, కింది నేలదో, తొందరదో కావచ్చు. పలకదీ కావచ్చు. కూలిపోయాక ఆ కుప్పలో జిగురు గీతను వెతికేవాళ్లుండరు.

అల్యూమినియం ఫారాలు వచ్చాయి కదా, ఇంకా ప్లైవుడ్ గొడవేమిటి అని లాబ్‌లో ఒక విద్యార్థి అడిగాడు. నిజమే, ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్ల లాంటి చోట్ల గోడలూ శ్లాబూ కలిపి అల్యూమినియం ఫారాలతో పోశారు. ఒకే నమూనా ఇళ్లు వందల్లో కడితేనే ఆ ఖర్చు కిట్టుబాటవుతుంది. రెండు సెంట్ల స్థలంలో ఒక్క ఇల్లు కట్టుకునేవాడికి మిగిలేవి ఇనుప షీటు, ప్లైవుడ్ షీటు. ఈ డెల్టాలో ఎక్కువ శ్లాబులు ఇప్పటికీ అలాంటివాళ్లవే.

తిరుగు దారిలో నేరుగా బస్టాండుకు పోకుండా విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో దిగాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ఈ ప్రాంతాన్ని ముంచింది. కొండపల్లి పైన కవులూరు దగ్గర బుడమేరు మళ్లింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది. 2015లో పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు కృష్ణలో కలవడానికి వచ్చింది ఈ మళ్లింపు కాలువలోంచే, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరికి. ఆ ఏడు సంగమమని హారతులు పట్టిన నీటిదారే తొమ్మిదేళ్ల తర్వాత గట్టు తెంచుకుని సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చింది. రోజుల తరబడి నీళ్లు నిలిచిన ఆ ఇళ్లలో అల్మారాలు, మంచాలు, తలుపులు ఉబ్బి, పొరలుగా విచ్చుకుని రోడ్డు మీద కుప్పలు పడ్డాయి. ఇంటికింత అని దాచుకున్న డబ్బుతో, అప్పులతో చేయించుకున్న సామాను అది. ప్రమాణాల పుస్తకం గిన్నెలో చేయమన్న పరీక్షను ఏరు ఊరంతటి మీదా చేసింది. దానికి ఎవరి అనుమతీ లేదు.

అక్కడ ఒక వడ్రంగి దుకాణంలో కూర్చున్నాను. వరద తర్వాత వారాల తరబడి విప్పడం, పారేయడం తప్ప వేరే పని లేదన్నాడు. కొన్ని తలుపులు మాత్రం కడిగి, నీడన ఆరబెట్టి, మళ్లీ బిగించామని, అవి ఇప్పటికీ ఉన్నాయని చెప్పాడు. పక్కింట్లో అదే ఎత్తున అన్నే రోజులు మునిగిన తలుపు ముద్దయిపోతే, ఈ తలుపు ఎందుకు నిలిచిందో అప్పట్లో అతనికి తెలియలేదు. తర్వాత విడిపోయిన ముక్కలూ, నిలిచిన తలుపుల అంచులూ పక్కపక్కన పెట్టి చూశాడట. నిలిచినవాటి జిగురు గీత ముదురు రంగు, ఊడినవాటిది తెలుపు. దాన్ని బట్టి కొనడం మొదలుపెట్టాడు.

"రంగు చూసి నమ్మొద్దు," అన్నాను. "యూరియా జిగురులో రంగు కలిపినా అలాగే కనబడుతుంది."

"మరెలాగండీ?"

"ముక్క ఉడికించాలి."

అతనికి అది వింతగా ఏమీ తోచలేదు. దుకాణం వెనక పాత కుక్కరు ఒకటి ఉంది, వజ్రం బంక కాచుకునేదట. అందులో పెడితే సరిపోతుందా అని అడిగాడు. మూత పెట్టి ఆవిరి మీద ఉడికిస్తే వేడి వంద డిగ్రీలు దాటుతుంది, మూత తీసి మామూలుగా మరిగించమన్నాను. ముక్క మునిగి ఉండాలి, నీళ్లు తగ్గితే వేడి నీళ్లే పోయాలి, బయట గాలిలో పెట్టాలి, ఆ కుక్కరును ఇక వంటకు తాకనివ్వకూడదు. నాలుగు గంటలు మరిగించి, ఒక రోజంతా ఎండబెట్టి, మళ్లీ నాలుగు గంటలు మరిగించాలి. తర్వాత తడిగా ఉండగానే ఉలి పెట్టి పొరలు లేపాలి. లాబ్ పరీక్షతో ఇది సమానం కాదు. షట్టరింగ్‌కు పోయే లాటుకు లాబ్ కాగితం అడగాల్సిందే. అయితే తలుపులో మోసం లోపలికి రాకముందే గుమ్మంలో ఆపడానికి ఇది చాలు.

అతను ప్లైవుడ్ ముక్క మీదే పెన్సిలుతో ఈ గంటలు రాసుకున్నాడు. రాసుకుంటూ తలెత్తాడు.

"ఉలి పై పొరకు పెడితే చాలా అండీ?"

"చాలదు. లోపలి గీతలకు ముందు పెట్టు. పై పొరకు మంచి జిగురు పూసి, నడుమ చవకది పెట్టినవాళ్లు దొరుకుతారు. ప్రతి గీతా లేపి చూడు. నార చిరగని గీత ఒక్కటి కనిపించినా ఆ దొంతర తీసుకోకు."

అతను ముక్కను తిప్పి గీతలు లెక్కపెట్టాడు. పన్నెండు మిల్లీమీటర్లలో ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదికీ విడిగా గడులు గీసుకున్నాడు.